బ్లూమ్స్‌బరీలోని జార్జియన్ టౌన్‌హౌస్ గారికి అద్దెదారు విన్నపం

లండన్ నగరమందు జార్జి రాజుల కాలమున కట్టబడిన మహారాజశ్రీ టౌన్‌హౌస్ గారి సముఖమునకు, తమ మొదటి అంతస్తు ముందు గదిలో సగానికి అద్దె కట్టుకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కానీ కుశలం మీ ఒక్కరికే. నాకు ముక్కు కారుతోంది.

విషయం తమకు తెలిసిందే. కిటికీ.

మంగళవారం ఎనిమిది నుంచి ఒంటిగంట మధ్యలో మనిషి వస్తాడని ఏజెంటు మాటిచ్చాడు. సెలవు పెట్టి, కోటు తొడుక్కుని, ఇంట్లోనే కూర్చున్నాను. ఒంటిగంట దాటాక ఒక కుర్రాడొచ్చాడు. చేతిలో పనిముట్ల సంచీ లేదు, ఫోన్ ఉంది. కిటికీకి ఫోటో తీశాడు. "ఇది లిస్టెడ్ బిల్డింగ్, ముట్టుకోకూడదు" అని వెళ్లిపోయాడు. లిస్టెడ్ అంటే చారిత్రక కట్టడమని ప్రభుత్వం జాబితాలో చేర్చిన ఇల్లు. తాళ్ల ఆధారంతో అద్దాలు పైకీ కిందికీ జరిగే కిటికీ మీది. తాడు తెగి నాలుగు వేళ్ల మేర కిందికి జారిన పై అద్దం అలాగే ఉంది. జనవరి గాలి అద్దె కట్టకుండా నాతో కాపురం ఉంటోంది.

తమరి పెద్దరికం నేను కాదనడం లేదు. 1666లో లండన్ తగలబడిన భయం మీ వంశంలో ఎంతకాలం ఉండిపోయిందో చూస్తే జాలేస్తుంది. కిటికీ చట్రం గోడ అంచు నుంచి నాలుగు అంగుళాలు లోపలికి ఉండాలని 1709లో ఒక చట్టం. చట్రం పెట్టెను ఇటుకల వెనక దాచాలని 1774లో ఇంకో చట్టం. మంట సంగతి ఇంత ఆలోచించారే, గాలి గురించి ఒక్క సెక్షను రాయడానికి చేతులు రాలేదా?

రాలేదు, ఎందుకంటే అప్పట్లో అవసరం పడలేదు. గదిగదికీ బొగ్గు మంట ఉండేది. వీధిలో పేవ్‌మెంట్ మీదున్న ఇనపమూత తీసి బొగ్గు పోస్తే కింది కొట్లో పడేది. దాన్ని పనిపిల్లలు మెట్లెక్కి మోసుకొచ్చేవారు. ఆ మంట రాజుకోవడానికి మీ కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి పనికొచ్చేది. ఇప్పుడు పనిపిల్లలు లేరు, బొగ్గు లేదు, పొయ్యికి అట్ట కొట్టేశారు. గాలి ఒక్కటే పాత ఉద్యోగంలో కొనసాగుతోంది.

పైగా మీ ఇంట్లో హోదా అంతా కిటికీ పొడవులో కనిపిస్తుంది. వంటిల్లు నేలమాళిగలో, భోజనాల గది వీధి మట్టంలో, అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గది మొదటి అంతస్తులో. అందుకే అక్కడ అందరికంటే పొడుగు కిటికీలు. పైకి వెళ్లేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. పనివాళ్లు పడుకునే అటకకు పిడికెడు కిటికీ. దొరలకే ఎక్కువ చలి పెట్టిన న్యాయం మీది. 1696 నుంచి 1851 దాకా ఈ దేశంలో కిటికీలకి పన్ను వేశారు. ఆ పన్ను తప్పించుకోవడానికి ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీని చూస్తే నాకు ఇప్పుడు అసూయగా ఉంటుంది.

చలి ఆగుతుందేమోనని మా అమ్మ పంపిన కలంకారీ దుప్పటి అడ్డంగా కట్టాను. ఏజెంటు నుంచి మెయిల్: వీధిలోంచి చూస్తే బాగాలేదు, తీసేయండి. ఒకప్పుడు మా బందరు వైపు అద్దకం గుడ్డలంటే మీవాళ్లు పడిచచ్చేవాళ్లు. ఉన్ని, పట్టు నేతగాళ్ల గోల పడలేక 1721లో మీ పార్లమెంటు అద్దకం నూలుగుడ్డ ఒంటికీ ఇంటికీ వాడకూడదని చట్టమే చేసింది. ఆ చట్టం ఎప్పుడో పోయింది. ఏజెంటుకి కబురందినట్టు లేదు.

బాగానే ఉంది. వీధిలోంచి చూసేవాళ్ల కోసమే కదా మీ జాతి అంతా. పైన పటారం, లోన లొటారం. బాత్ అనే ఊళ్లో ఉన్న మీ చుట్టం, రాయల్ క్రెసెంట్ అనే ఇళ్ల వరస సంగతి తెలియనిదా? 1767లో మొదలుపెట్టి 1774కి ముగించిన 30 ఇళ్లు, ముందు నుంచి చూస్తే ఒకటే రాజప్రాసాదం. వెనక్కి వెళ్లి చూస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్నారు. ప్రధానమంత్రి ఉండే డౌనింగ్ స్ట్రీట్ పదో నంబరు ఇంటి ఇటుకలు అసలు పసుపు రంగువి. పొగకి నల్లబడ్డాయి. 1960ల్లో కడిగితే పసుపు బయటపడింది. అలవాటైన మొహం మారకూడదని నల్లరంగు పూశారు!

మరి లోపల? పైకి చూడు. సీలింగ్ మధ్యలో ప్లాస్టర్ పువ్వు. ఎవడో మేస్త్రీ పరంజా ఎక్కి, మెడ నొప్పెట్టేలా చెక్కిన రేకులు. దాని నడినెత్తిన అట్టగోడ దింపారు. సగం పువ్వు నా మంచం మీద, మిగతా సగం పక్క గది కుర్రాడి బాత్‌రూమ్‌లో ఆవిరికి తడుస్తోంది. సంసారాలు పోయి లాయర్లొచ్చినప్పుడు, లాయర్లు పోయి బోర్డింగ్ హౌస్ పెట్టినప్పుడు, తర్వాత ఆఫీసు బల్లలు వేసినప్పుడు, చివరికి గదుల్ని ముక్కలు కోసి మాకు అద్దెకిచ్చినప్పుడు నువ్వేమీ అనలేదు. నీ పువ్వుని నరుకుతుంటే నోరు మెదపలేదు. తాడు కట్టమంటే మాత్రం నీ చరిత్ర గుర్తొచ్చింది.

అబద్ధం! లిస్టెడ్ ఇంట్లోనైనా ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకోవడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. నీ రూపు మార్చేస్తే నేరం. తాడు మారిస్తే రూపు మారుతుందా? నీ పేరు చెప్పి వడ్రంగి కూలీ మిగుల్చుకుంటున్నారు. అడ్డమైన ప్రతిదానికీ "లిస్టెడ్" అంటారు. మొన్న బాయిలర్ ఆగిపోతే కూడా అదే మాట. బాయిలర్ ఏ జార్జి కాలంది?

నిన్న రాత్రి కోపంతో ఆ చట్రం పక్కన టార్చి వేసి చూశాను. రంగు పొరల కింద చిన్న చెక్క మూత దొరికింది. కత్తి మొనతో లేపితే లోపల నిలువు అర, అందులో ఇనప గుండు, దానికి తెగిన తాడు ముక్క. గుండు బరువుకి అద్దం ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతుంది. తాడు ఎప్పటికైనా తెగుతుందని నిన్ను కట్టినవాడికి తెలుసు. గోడ పగలగొట్టకుండా మార్చుకోవడానికి ముందే దారి వదిలాడు. ఇంత బుద్ధిగా కట్టిన కిటికీని ఇన్నాళ్లూ తిట్టినందుకు కాదు గానీ, ఆ మేస్త్రీ ఎదురైతే టీ ఇప్పించేవాణ్ణి. ఏజెంటుకి మాత్రం మంచినీళ్లు కూడా ఇవ్వను.

ఇట్లు,
సగం పువ్వు కింది అద్దెదారు

తా.క. ఇది రాస్తుండగానే మెయిల్ వచ్చింది. ఏప్రిల్ నుంచి అద్దె పెంచుతున్నారట. గదికి "ఒరిజినల్ జార్జియన్ కిటికీ" ఉన్నందుకట.