ఆంగ్‌కోర్ వాట్‌కు సూర్యోదయమే సరైన వేళా?

కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్‌ను ఫోటో తీయడానికి సూర్యోదయమే ఉత్తమ సమయమని నేను చదివిన ఒక వ్యాసం చెబుతోంది. ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. 12వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఈ ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది కనుక, తెల్లవారుజామున దాని ముందున్న కొలను ఒడ్డున నిలబడినవారికి దక్కేది శిఖరాల నల్లని ఆకృతి మాత్రమే. రాతి రంగు, దాని మీది చెక్కడం కనిపించాలంటే ఎండ ముందు నుంచి పడే సాయంకాలానికి వెళ్లాలి. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యుడు నడిమి శిఖరం మీదుగా ఉదయించే దృశ్యం సంగతి వేరు. దానికి జనం రద్దీని భరించక తప్పదు.

తూర్పు వైపు స్తంభాల వసారాలో సుమారు 49 మీటర్ల పొడవున చెక్కిన క్షీరసాగర మథనాన్ని వ్యాసం ఒక్క వాక్యంతో దాటవేయడం నాకు లోటుగా తోచింది. వాసుకిని పట్టి లాగే దేవదానవుల వరుస ఒక్క ఫ్రేములో ఇమడదు, వైడ్ లెన్స్‌తో ప్రయత్నిస్తే అంచుల్లోని బొమ్మలు సాగిపోతాయి. అందువల్ల గోడకు సమాంతరంగా నడుస్తూ, ఒకే దూరం నుంచి ముక్కలుగా తీసి తరువాత కలుపుకోవడం మేలు. ఉదయపు ఎండ స్తంభాల నీడలను గోడపై చారలుగా పరుస్తుంది కాబట్టి, ఇక్కడ మబ్బు పట్టిన పూటే అనుకూలం. ఆంగ్‌కోర్ ప్రాంతంలోనే ఉన్న, 967లో ప్రతిష్ఠ జరిగిన బాంతే స్రెయ్ మాత్రం తూర్పు ముఖపు ఆలయం. దాని ఎర్రని ఇసుకరాయి పొద్దుటి ఎండలోనే నిండుగా పలుకుతుంది కనుక, వ్యాసకర్త సలహా అక్కడికి చక్కగా సరిపోతుంది.