రంగు ఆరకముందే బేరం కుదరాలి

మొదటిసారి సెకండ్‌హ్యాండ్ మోటారు బోటు కొనబోయేవాళ్లకు నా మొదటి సలహా: తెల్లచొక్కా వేసుకుని వెళ్లండి. మెకానిక్ దొరక్కపోయినా సరే, ముహూర్తం కుదరకపోయినా సరే, తెల్లచొక్కా మాత్రం మరిచిపోకండి. బోటుకి ఒక్కసారి వీపు ఆనించండి చాలు. దాని వయసు, అమ్మేవాడి బుద్ధి, మీకు రాబోయే నష్టం, అన్నీ మీ వీపు మీద అచ్చు పడతాయి.

నా వీపు మీద నీలం పడింది.

మా మేనల్లుడు బోటు కొనాలనుకున్నాడు. ఎనిమిది సీజన్లు గుజరాత్ వెళ్లి, వెరావల్ బోట్లలో వలలు లాగే కలాసీగా చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. "మావా, నువ్వు చదువుకున్నోడివి, నువ్వోపాలి వచ్చి సూడు" అన్నాడు. చదువుకున్నవాడికి బోటు సంగతి ఏం తెలుస్తుందని వాడి నమ్మకమో! నేను పాలెంలో పుట్టి శ్రీకాకుళం టౌన్లో కుర్చీలో కూర్చుని బతికేవాణ్ని. సముద్రం నాకు ఆదివారాలు కనబడే చుట్టం. అయినా మేనమామ హోదా ఊరికే పోనివ్వదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఏప్రిల్ నెలాఖరు. కళింగపట్నం దాటాక ఒక ఊరు, పేరు వద్దు. బోట్లన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మోటారు బోటు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. చేపలు గుడ్లు పెట్టుకుంటాయి, మనవాళ్లు బోట్లకు రంగులు వేసుకుంటారు. ఎవరి ప్రకృతి ధర్మం వాళ్లది.

రంగు మీద నాకేం కోపం లేదు. ఉప్పునీళ్లలో తిరిగే వస్తువుకి రంగు పడాల్సిందే. కానీ ఏళ్ల తరబడి బ్రష్షు మొహం చూడని బోటుకి, శుక్రవారం పొద్దున్న కొనేవాడు వస్తున్నాడని తెలిసి గురువారం రాత్రి సెల్‌ఫోన్ లైటు వెలుగులో రంగు పూయడం దేనికండీ? పగులుకి రంగు. అతుకుకి రంగు. తుప్పు పట్టిన బోల్టుకి, బోల్టు ఊడిపోయిన కన్నానికి కూడా రంగే. తాడు ముక్కొకటి బోటుకి అంటుకుని ఉంటే దాన్ని తీయకుండా దాని మీంచే పూసుకుంటూ పోయారు. ఒక పీతకి కూడా వేశారు. చచ్చిన పీతేలెండి. నీలం పీత.

అయితే ఆ ఓనరు ఒక్కణ్నే అనడం అన్యాయం. రంగుతో అన్నీ నయమవుతాయని నమ్మే రాష్ట్రం మనది. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూసి, 2020లో హైకోర్టు తీసేయమంటే, ఆ తీయడానికి మళ్లీ రంగు డబ్బాలు తెచ్చినవాళ్లం. ఆఫీసు లోపల మనిషి ఉన్నాడా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని ఎవరైనా అడిగారా? ఈ ఓనరు పాపం, ఆ విధానాన్నే తీరప్రాంతానికి విస్తరించాడు.

బోటు చూడముచ్చటగా ఉంది. నీలం ఒళ్లు, పసుపు అంచు, ముక్కు దగ్గర అటో కన్ను ఇటో కన్ను. చీకట్లో వేసినవి కాబట్టి కొంచెం మెల్ల.

"ఎన్నేళ్లయిందండీ బోటు కట్టించి?" అన్నాను.

"నాలుగేళ్లండి. నాలుగు నిండనేదు కూడా."

"గట్టిదేనా?"

"గట్టిదా అంటారేటి బాబూ! తిత్లీ తుఫాన్నే తట్టుకున్నాది."

తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టం చేసి పోయిన ఆ తేదీని మా జిల్లాలో మరిచిపోయినవాళ్లు లేరు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఈ బోటు తను పుట్టకముందు వచ్చిన తుఫానును తట్టుకుంది. తల్లి కడుపులో ఉండగా పద్మవ్యూహం సంగతి విన్న అభిమన్యుడి తర్వాత అంతటి ఘనత దీనిదే. ఇంకో ప్రశ్న అడిగితే 2014 నాటి హుద్‌హుద్‌ని కూడా తట్టుకునేలా ఉందని ఊరుకున్నాను.

"ఒకసారి నీళ్లలో దింపి చూద్దాం" అన్నాడు మావాడు.

ఓనరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. "తప్పు బాబూ! వేట నిషేదం కదా. సట్టం."

నిషేధం వేటకి. మా దగ్గర వల లేదు, గాలం లేదు, కనీసం చేపల బుట్ట లేదు. మనుషుల్ని, బరువుని ఎక్కించి ఒక గంట తిప్పి, వచ్చాక అడుగున ఎన్ని నీళ్లు చేరాయో చూస్తే సగం పరీక్ష అయిపోతుంది. ఆయన వినలేదు. చట్టమంటే చట్టమే అన్నాడు. అలా ఎంతసేపు అన్నాడంటే, బోటు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని నేను అడిగేదాకా. ఆ తర్వాత చట్టం మాట మళ్లీ ఎత్తలేదు.

"కాగితమెందుకండి, ఊరంతటికీ తెలుసు ఇది నా బోటని." ఊరికి తెలిస్తే సరిపోదు. ఫిషరీస్ వాళ్ల దగ్గర మన పేరు మీదకు మారాలి, మోటారు మీద చెక్కిన నంబరు బిల్లులో నంబరుతో కలవాలి, సబ్సిడీలో వచ్చిన సరుకైతే అమ్ముకునే హక్కు ఆయనకుందో లేదో తేలాలి. మోటారు మీద నంబరు ఎక్కడని చూశాను. దాని మీద కూడా నీలమే.

సముద్రం వద్దన్నాడు కదా, మరి మోటారు పని చేస్తోందని ఎలా తెలియాలి? దానికి ఆయన దగ్గర ఏర్పాటు ఉంది. ప్లాస్టిక్ డ్రమ్ము.

వెనకాల తగిలించే మోటారుని నీళ్లు లేకుండా తిప్పితే కాలిపోతుంది. కింది భాగంలోంచి నీళ్లు పీల్చుకుని ఒళ్లు చల్లబరుచుకుని, వెనక చిన్న రంధ్రంలోంచి ధారగా బయటికి వదలాలి. అందుకని ఒడ్డు మీద డ్రమ్ములో నీళ్లు పోసి, మోటారు కాలు అందులో ముంచి తిప్పుతారు. పద్ధతి మంచిదే. కాకపోతే డ్రమ్ము ఎత్తు ఎక్కువైంది. బోటు కింద పట్టలేదు. బోటు ఎత్తుదామంటే పదిమంది కావాలి, ఉన్నది ఆరుగురం, అందులో నేనొకణ్ని. దాంతో గొయ్యి తవ్వి డ్రమ్మునే దింపాలని తీర్మానించారు. ఇద్దరు కుర్రాళ్లు తవ్వుతున్నారు, తవ్వినంత ఇసుక మళ్లీ గోతిలోకి జారుతోంది. ఇంకో ఇద్దరు బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోస్తున్నారు. సముద్రం ముప్పై అడుగుల దూరంలో ఉంది. అంత సముద్రాన్ని పక్కన పెట్టుకుని ఆరుగురు పెద్దమనుషులు డ్రమ్ములోకి మంచినీళ్లు మోయించడం చూసి అటు పోతున్న చేపల తట్టల ఆడవాళ్లు ఆగి మరీ నవ్వారు.

ఈ హడావిడిలో నేను వెళ్లి మోటారు మీద చెయ్యి పెట్టాను. ఇడ్లీ పాత్ర మీద పెట్టినట్టు చురుక్కుమంది. అప్పటికింకా పొద్దున్న ఆరున్నర.

"ఎండకండి" అన్నాడు ఓనరు.

ఎండ ఇంకా తాటిచెట్ల వెనకే ఉంది. సంగతి ఏమిటంటే, చల్లారిన మోటారు మొరాయిస్తుంది, వెచ్చబడ్డ మోటారు బుద్ధిగా లేస్తుంది. మనం రాకముందే నాలుగుసార్లు లాగి లేపి, ఆపేసి, ఏమీ ఎరగనట్టు నిలబడతారు. అందుకే వెళ్లగానే "నమస్కారమండి" కంటే ముందు మోటారు ముట్టుకోవాలి. వెచ్చగా ఉంటే టీ తాగి, అరటిపళ్లు తిని, రాజకీయాలు మాట్లాడి, అది చల్లారాక లాగమనాలి. మేం అది చెయ్యలేదు.

మొత్తానికి డ్రమ్ము దిగింది. తాడు లాగారు. ఒక్క లాగుకే లేచింది. "సూసినారా!" అని ఓనరు మా అందరి మొహాలూ చూశాడు. నేను ఆ రంధ్రం వైపు చూశాను. ధార రావాలి కదా. రాలేదు. కాసేపటికి ఒక చుక్క వచ్చింది. ఆగింది. ఆలోచించింది. ఇంకో చుక్క. ప్రోస్టేటు ఆపరేషన్‌కి భయపడి వాయిదా వేస్తున్న మా పెదనాన్న గుర్తొచ్చారు.

"నీళ్లు సరిగ్గా రావట్లేదండీ, లోపల పంపు రబ్బరు పోయినట్టుంది" అన్నాను.

నేను ఆ మాట అంటుండగానే మోటారు వణుకుకి గొయ్యి అంచు విరిగి, డ్రమ్ము పక్కకి ఒరిగి, బిందెలు బిందెలుగా మోసిన నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. మోటారు గాల్లో అరుస్తోంది. పొగ. ఒక కుర్రాడు గెంతి ఆపాడు. ఓనరు చెక్కు చెదరలేదు.

"డ్రమ్ములో నీళ్లు సాలక అలగుందండి. సముద్రంలో నీళ్లకేటి కొదవ?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

తర్వాత మావాడు మోటారు కాలి దగ్గర కింది మర విప్పాడు. అక్కడ గేరాయిల్ ఉంటుంది. ఎలా వస్తుందో చూస్తే చాలు. మా ముందు పడింది పాలెక్కువైన కాఫీ. అంటే సీలు పోయి లోపలికి నీళ్లు దిగుతున్నాయని. "అది కొత్త రకం ఆయిలండి" అన్నాడు ఆయన. వైర్ల చివర్లు గీరి చూస్తే రాగికి బదులు పచ్చపొడి రాలింది. దానికి ఆయన ఏదో చెప్పాడు, నేను వినలేదు.

అడుగు కూడా వంగి చూశాను. బోటు కింద నడుమ వెన్నులా ఒక గట్టు ఉంటుంది. మా దగ్గర ఆ గట్టు అరగని బోటు ఉండదు, ఎందుకంటే మా దగ్గర బోటు నీళ్లలో ఎంత తిరుగుతుందో ఇసుక మీద అంత ఈడుస్తారు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. బోటు నీళ్లలోనే కట్టేసుకోవడానికి చోటు అడిగితే తరాలుగా అందరూ "వస్తుంది" అన్నారు. బుడగట్లపాలెం హార్బరుకి 2023లో శంకుస్థాపన చేశారు. సంతోషం. ఈలోగా ఈడ్చుకోవాలి. ఈడిస్తే ఫైబర్ అరుగుతుంది, అరిగితే నారలు తేలతాయి, నారలు తేలితే నీళ్లు పీలుస్తుంది. దాని మీద రంగు పూస్తే తెలియదు.

ఇక వెనక పలక. మోటారు మొత్తం వేలాడేది దాని మీదే. బయటికి ఫైబర్, లోపల చెక్క. బోల్టు కన్నాల్లోంచి నీళ్లు దిగితే చెక్క లోపల్లోపలే కుళ్లుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోవాలి. బాగున్న చోట టకటకమంటుంది. ఇది కుడివైపు టక్కుమంది, మధ్యలోకి వచ్చేసరికి తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా మోగింది. మావాడు మోటారు కాలు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. పలక కదిలింది. బొటనవేలితో నొక్కాడు. వేలు దిగింది. రంగు పొర చిట్లి, దాని వెనకనుంచి టీ డికాషన్ లాంటి నీళ్లు వాడి మణికట్టు దాకా కారాయి.

ఓనరు అటు చూడలేదు. అంటే ఆయనకి తెలుసు.

రోడ్డు మీద పాత బైకు చైను తెగితే తిట్టుకుంటూ తోసుకుపోతాం, పక్కన టీ కొట్టు ఉంటుంది. ఒడ్డు కనబడని చోట ఆ పలక విరిగితే మోటారు పోతుంది, ఆ కంతలోంచి కెరటం లోపలికొస్తుంది. ఆ బోటులో లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఒక్కటి ఉంది, దానికి బొందుల్లేవు. తెలిసి, చూసి, దాని మీద రెండు పొరలు రంగు పూసి, ఇంకొకడి పిల్లల్ని సముద్రంలోకి పంపడాన్ని వ్యాపారం అని ఎలా అంటారయ్యా? బేరమాడటం తెలివంటారు, సరే. ఇది తెలివా? ఎవడి డబ్బు అది! మా ఊళ్లలో చోటు లేక వెరావల్ పోయి, పరాయివాడి బోటులో నెలల తరబడి ఉప్పు గాలి తిని తెచ్చుకున్న డబ్బు. ఆ వెరావల్ నుంచి వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా అక్కడ జైల్లో ఉండి వచ్చినవాళ్లు ఈ తీరం వాళ్లు కాదా? ఆ దారిన ఇంక పోకుండా సొంత బోటు కొనుక్కుందామని వచ్చినవాడికి నువ్వు కుళ్లిన చెక్కని అంటగడతావు. నీ రంగు తగలెయ్య. ఇదంతా నేను అక్కడ పైకే అన్నాను. ఓనరు శ్రద్ధగా విని, "అయితే ఐదువేలు తగ్గిస్తానండి" అన్నాడు.

వచ్చేశాం. బండెక్కాక మావాడు వెనకనుంచి నవ్వడం మొదలుపెట్టాడు. "మావా, నీ వీపు మీద బోటంతా వచ్చేసినాది." ఇంటి దగ్గర కిరోసిన్ రాశాం, నిమ్మకాయ రాశాం. పోలేదు. బోటు మీద మాత్రం ఆ రంగు ఒక వానకైనా నిలవదు. మావాడు ఆగస్టులో మళ్లీ గుజరాత్ రైలెక్కుతానంటున్నాడు. ఇంకొక్క సీజనట.

ఈలోగా నాకు నిపుణుడని పేరొచ్చింది. మూడు వారాల తర్వాత మా వీధిలో ఒకాయన, తన బావమరిది కోసం ఇంకో ఊళ్లో బోటుందంటే నన్ను వెంటబెట్టుకుపోయాడు. ఈసారి పాత చొక్కా వేసుకున్నాను. బోటు ఆకుపచ్చది. ఎర్ర అంచు. ఓనరు వేరే మనిషి. బోటు కళ్లు మాత్రం అదే మెల్ల.

వెనక పలక దగ్గరికి వెళ్లి బండి తాళంతో కొంచెం గీరాను. ఆకుపచ్చ కింద నీలం. ఇంకొంచెం గీరితే, మావాడి వేలు దిగినచోట మైదాపిండిలా పుట్టీ.

ధర పదిహేను వేలు పెరిగింది.

"ఎన్నేళ్లయిందండీ కట్టించి?" అని అడిగాను.

"మూడేళ్లండి" అన్నాడాయన.