పొట్లం నంబర్ 7లో ఉన్న సాల్ట్ గారికి

సాల్ట్ గారూ, నమస్కారం అండి.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు, పర్లేదు, నేనూ ఆరోజు మిమ్మల్ని గుర్తుపట్టలేదు కాబట్టి చెల్లుకి చెల్లు. 2013 ఫిబ్రవరి, శ్రీకాకుళం, ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్, కిటికీ పక్క నుంచి మూడో బల్ల. ఎవడిదో పాత రికార్డు కాగితం చింపి కట్టిన పొట్లం, దాని మీద స్కెచ్ పెన్నుతో 7. లోపల మీరు, చెంచాడు కూడా లేరు. మీరు ఏ సాల్టో టెస్టులు చేసి కనిపెట్టడమే నా పరీక్ష.

మనకి అంతకుముందు పరిచయం లేకపోవడానికి తప్పు మీదీ కాదు నాదీ కాదు, తాళంది. మా అరసవిల్లిలో దేవుడి పాదాల మీద ఎండ ఏడాదికి రెండు విడతలు పడుతుంది, మార్చిలో ఓసారి అక్టోబర్లో ఓసారి, అది చూడ్డానికి జనం తెల్లారకముందే లైన్లో ఉంటారు. మా కాలేజీ ల్యాబ్‌లో ఎండ పడేది మాత్రం ఒక్కసారే, మార్కులెయ్యడానికి బయటి నుంచి ఎక్స్‌టర్నల్ గారొస్తున్నారని కబురొస్తే. మిగతా రోజులు ఆ తలుపు ముందు వాటర్ క్యాన్లు పేర్చేవారు.

కాలేజీ వాళ్ళ లెక్క కూడా తప్పని అనలేం లెండి. అప్పటి ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మూడు గంటలు, అందులో మిమ్మల్ని వేడి చేసి చూడమనే ప్రశ్న ఒక్కటీ ఉండేది కాదు, నాలుగు బబుల్స్‌లో ఏదో ఒకటి నల్లగా దిద్దడమే. ప్రాక్టికల్స్ అంటారా, ఫిజిక్స్‌కి 30 కెమిస్ట్రీకి 30, అవెలాగూ పడతాయి, పండక్కి బస్సులో సీటు దొరకదన్నంత ఖాయం. ఇంక ల్యాబ్ ఎందుకండీ. పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, మధ్యలో సాంబారు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు మీ గురించి ట్రైనింగ్ ఇచ్చారు. ట్రైనింగ్ అంటే టెస్ట్‌ట్యూబులూ అవీ అనుకునేరు, పొట్లంలో ఏముందో చెప్పే ల్యాబ్ అసిస్టెంట్ అన్న సైగలు. ఆయన చెవి గోక్కుంటే అమ్మోనియం, చొక్కా బొత్తం పట్టుకుంటే బేరియం, ముక్కు నలుపుకుంటే క్లోరైడ్, దగ్గితే కార్బొనేట్. రిహార్సల్ రోజు ఆయనకి నిజంగానే జలుబు చేసి ఒక బల్ల బల్లంతా కార్బొనేట్ రాసేసింది. దీనికి తలకి మూడొందలు, ల్యాబ్ మెయింటెనెన్స్ అని, రశీదు గిశీదు ఏం లేదు. ఆ డబ్బుల్తో ఎక్స్‌టర్నల్ గారికి చికెన్ బిర్యానీ వచ్చిన సంగతి వాసన బట్టి మాకు తెలిసింది, ల్యాబ్‌కి ఏమొచ్చిందో మీకే తెలియాలి, ఆ అరలో ఉండేది మీరే కదా.

సరే, ఆరోజు అన్న మా బల్ల దగ్గరకొచ్చి ముందు చెవి గోక్కున్నాడు, తర్వాత ముక్కు. అంతే, మీ జాతకం రాయడం మొదలెట్టేశాను. ఎక్స్‌పెరిమెంట్, అబ్జర్వేషన్, ఇన్ఫరెన్స్, మూడు గళ్ళు. సిల్వర్ నైట్రేట్ పోశాను, విరిగిన పెరుగులా తెల్లటి ప్రెసిపిటేట్ వచ్చింది, అది అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో కరిగిపోయింది, క్లోరైడ్ కన్ఫర్మ్‌డ్. నెస్లర్స్ రీఏజెంట్ పోశాను, బ్రౌన్ ప్రెసిపిటేట్, అమ్మోనియం కన్ఫర్మ్‌డ్. సిల్వర్ నైట్రేట్ సీసా ఖాళీ అండి. నెస్లర్ సీసా అసలు ఆ గదిలో ఉందో లేదో కూడా తెలీదు. పిల్లని చూడకుండా లగ్నపత్రిక రాసేసినట్టు రాసేశాను, అనుమానం రాకుండా మధ్యలో ఒకచోట మే బీ అని కూడా పెట్టాను.

అక్కడితో అయిపోవాల్సింది. ఎక్స్‌టర్నల్ గారు భోంచేసొచ్చి, అరగడానికి అటూ ఇటూ తిరుగుతూ సరిగ్గా నా దగ్గర ఆగి, ఏదీ ఒక్క టెస్టు చేసి చూపించు అన్నారు. చేతులు వణుకుతుంటే మిమ్మల్ని పొడి టెస్ట్‌ట్యూబులో వేసి స్పిరిట్ ల్యాంప్ మీద పట్టుకున్నాను. మీరు కరగలేదు, మరగలేదు. కింద తరిగిపోతూ తెల్లటి పొగై లేచి, పైన గాజు చల్లగా ఉన్న చోట మళ్ళీ పొడై అంటుకున్నారు. ఆ పొగ ముక్కులోకి పోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇది ఎక్కడో పీల్చానే అనిపించింది, ల్యాబ్‌లో అయితే కాదు, ఎక్కడో బొగ్గులు, ఇత్తడి, వీధరుగు... అందేలోపు ఆయన యూజెస్ అన్నారు. డ్రై సెల్స్ సార్, ఎరువులు సార్ అన్నాను. ఇంకా? అన్నారు. అన్న వైపు చూశాను. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు, యూజెస్‌కి కోడ్ పెట్టుకోలేదు.

30కి 30 వచ్చాయి. జ్వరమొచ్చి సగంలో హాస్టల్‌కి పోయినవాడికీ 30 వచ్చాయి.

ఆ ఆదివారం ఇంటికెళ్ళాను. మాది బుడితి దగ్గర పల్లె, బుడితి ఇత్తడీ కంచూ అంటే జిల్లాలో తెలియనివాళ్ళుండరు. మా తాత ఊళ్ళు తిరిగి గిన్నెలకి కళాయి వేసేవాడు, ఇళ్ళల్లోకి స్టీలు దిగాక మానేశాడు. గొప్పగా చెప్పాను, తాతా నాకు ప్రాక్టికల్స్‌లో అమ్మోనియం క్లోరైడ్ వచ్చింది అని.

"ఏటి, జొరమా?" అన్నాడు.

కాదు తాతా, తెల్లగా ఉంటాది, కాలిస్తే పొగొస్తాది, ఆ పొగ మళ్ళీ తెల్లపొడి అవుతాది అన్నాను. ముసలాయన మాట్లాడకుండా లేచి, అటక మీంచి తుప్పట్టిన బిస్కెట్ల డబ్బా దించి, మూత తీసి, చిటికెడు పొడి తీసి పొయ్యిలో బొగ్గు మీద వేశాడు. అదే పొగ. అవే కన్నీళ్ళు.

"ఇదేనేట్రా నీ పరీచ్చ? ఇది నవాసాగరం రా గుంటడా. సిన్నప్పుడు నా పక్కన కూకుని తిత్తి ఊదీవోడివి కాదేటి!"

అవునండి, మనకి పరిచయం ఉంది. గిన్నె బాగా కాగాక తగరం రాసి, మిమ్మల్ని చిటికెడు చల్లి, గుడ్డతో లోపలంతా తిప్పి తిప్పి రుద్దితే గిన్నె వెండిలా మెరిసేది, ఆ పొగలోనే కదా నేను దగ్గుతూ పెరిగింది. అప్పుడు తాత ఇంకో ప్రశ్న వేశాడు, ఎక్స్‌టర్నల్ గారు నయం. "ఇది సల్లకపోతే తగరం అంటుకోదు. ఎందుకంటుకోదో సెప్పు మరి, సదువుకున్నావు గదా."

నేను చెవి గోక్కున్నాను. కోడ్ కాదండి, నిజంగానే.

ఇప్పుడు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేస్తున్నాను, రోజూ ఏదో ఒక తెల్లపొడి, పక్కన ముక్కు నలిపేవాళ్ళెవరూ ఉండరు, ఉన్నా మాస్కులో కనిపించదు. తాత ప్రశ్నకి జవాబు ఇప్పుడైతే వచ్చు. వేడికి మీరు అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతారు, ఆ రెండోది గిన్నె మీదున్న ఆక్సైడ్ పొరని తినేస్తుంది, లోపల్నుంచి శుభ్రమైన లోహం బయటపడి తగరాన్ని పట్టుకుంటుంది. మిగిలింది పైకెళ్ళి చల్లబడగానే మళ్ళీ కలిసిపోయి మీరే అవుతారు, తెల్లపొగ. ఈ ఈక్వేషన్ సెకండియర్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, బాణం రెండు వైపులా వెయ్యకపోతే మార్కు పోతుందని మాత్రం బాగా గుర్తుండేది.

ఇట్లు,
హాల్ టికెట్ నంబర్ కూడా మర్చిపోయిన
మీ బల్ల నంబర్ 3

తా.క.: మీ పక్కగదిలో ఫిజిక్స్ ప్రిజమ్ గారుంటారు, ఒక మూల విరిగి. ఆయనకి నా తరఫున సారీ చెప్పండి. ప్రిజమ్‌లో వెలుగు ఎంత వంగుతుందో చూసి గీసే ఐ-డి కర్వ్‌కి గుండుసూదులు మేం గుచ్చలేదు. రిఫ్రాక్టివ్ ఇండెక్స్ 1.5 రావాలని సార్ ముందే చెప్పేశారు కాబట్టి, వెనక నుంచి లెక్కేసుకుని మినిమమ్ డీవియేషన్ 37 డిగ్రీలు పెట్టి, దానికి అటూ ఇటూ రీడింగులు అల్లి, గ్రాఫ్ మీద ఒక వంపు గీశాం. తాత కళాయి వేసిన గిన్నెకైనా అక్కడక్కడా గరుకుండేది, ఆ వంపుకి లేదు.