ఎర్రగుడ్డ సరే, చేబదులు పద్దేదీ?

మా తాతయ్య విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమస్తా. ఉగాదికి కొత్త పుస్తకాల మూలలకు పసుపు రాసి, మొదటి పేజీలో 'శ్రీరామ' అని పెట్టాకే జమాఖర్చులు మొదలుపెట్టేవారు. అందుకే 2019 జులై 5న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బ్రీఫ్‌కేసు మానేసి, బడ్జెట్‌ను బహీఖాతాలా, అంటే పాతకాలం జమాఖర్చుల పుస్తకంలా, ఎర్రగుడ్డలో చుట్టుకొస్తే టీవీలో చూసి నాకూ ముచ్చటేసింది.

కానీ తాతయ్య పుస్తకం గొప్పదనం గుడ్డలో లేదు. యజమాని మధ్యాహ్నం పక్క కొట్టు నుంచి వంద చేబదులు తెచ్చి సాయంత్రం ఇచ్చేసినా అది పద్దులో పడాల్సిందే. బావమరిది పేరున తెచ్చినా, కొట్టుకు వాడితే కొట్టు అప్పే.

ఢిల్లీ ఈ పద్ధతి చాలాకాలం పాటించలేదు. రేషన్ బియ్యం సబ్సిడీ డబ్బు ధాన్యం కొని నిల్వచేసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐకి పూర్తిగా ఇవ్వకుండా, చిన్న పొదుపుల నిధి నుంచి, అంటే మనం పోస్టాఫీసులో దాచుకున్న సొమ్ములోంచి, దానిచేత అప్పు చేయించేది. పథకం కేంద్రానిది, అప్పు ఎఫ్‌సీఐది. ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి కేంద్రం పెట్టే ఖర్చు, మాత్రం నాజూగ్గా కనిపించేది. 2020-21లో ఆహార సబ్సిడీకి మొదట చూపింది సుమారు 1.15 లక్షల కోట్లు. సవరించేసరికి 4.22 లక్షల కోట్లు! కరోనా ఉచిత బియ్యం ఒక కారణం, ఎఫ్‌సీఐ పాత అప్పులు తీర్చడం ఇంకో కారణం. ఈ లెక్క బయటపెట్టింది 2021 ఫిబ్రవరి 1న. తమాషా ఏమిటంటే, కాగితాలు పోయి ట్యాబ్ వచ్చిందీ ఆ రోజే. ఫొటోలన్నీ ట్యాబ్‌కే. నన్నడిగితే అసలు బహీఖాతా తెరిచింది అప్పుడే.

ఇక మన ఆంధ్రప్రదేశ్ సంగతి. 2022లో వైసీపీ హయాంలో బెవరేజెస్ కార్పొరేషన్, 2025లో కూటమి హయాంలో ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్లు అమ్మి అప్పు తెచ్చాయి. రెండుసార్లూ ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది, పార్టీ పేరే మారింది. ఖజానా నుంచి తీర్చాల్సిన ఇలాంటి అప్పుల్ని కేంద్రం 2022 నుంచి రాష్ట్రాల రుణ పరిమితిలోనే కలుపుతోంది. ఎఫ్‌సీఐ చేత అదే పని చేయించినవాళ్లు చెబితే ఒళ్లు మండుతుంది, నిజమే. అయినా లెక్క మాత్రం సరైందే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో 50.65 లక్షల కోట్ల ఖర్చులో 12.76 లక్షల కోట్లు వడ్డీలకే పోయేటట్టుంటే, అప్పు ఎవరి పేరున దాస్తే ఏం లాభం?

పాతకాలం షావుకార్లంతా హరిశ్చంద్రులని నేననడం లేదు. అమ్మకం పన్ను వాళ్లకు చూపే పుస్తకం ఒకటి, గల్లాపెట్టె కింద ఇంకోటి ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఆ రెండోదాంట్లో అబద్ధం రాసుకునేవాళ్లు కాదు. ప్రభుత్వమూ ఏ కార్పొరేషన్ ఎంత తెచ్చిందో, వాయిదా ఏ శాఖ డబ్బుతో కడుతున్నారో, వచ్చే బడ్జెట్ మొదటి పేజీలోనే వేయాలి. శ్రీరామ కిందనే.