సవరణ: ఏడవని పిల్లాడు ధైర్యవంతుడని రాశాను, అది తప్పు

అమ్మ గది దాటి వెళ్ళినా ఏడవని ఏడాది పిల్లాడు ధైర్యవంతుడనీ, మగపిల్లలు పుట్టుకతోనే అంత గట్టిగా ఉంటారనీ మొన్నటి పోస్టులో రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

అమ్మ కాసేపు గది దాటి వెళ్ళి తిరిగొస్తే బిడ్డ ఎలా ఉంటుందో చూడటానికి మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ 1970ల నాటికి రూపొందించిన సుమారు 20 నిమిషాల పరీక్షలో ముఖ్యంగా చూసేది ఏడుపుని కాదు, అమ్మ తిరిగొచ్చాక బిడ్డ ఏం చేస్తుందన్నది. చేతులు చాచి, చంకెక్కి, కాసేపటికి ఊరుకుని మళ్ళీ బొమ్మల దగ్గరికి పోతే అమ్మతో బంధం గట్టిగా ఉన్నట్టు. తలెత్తి కూడా చూడకుండా ఆడుకునే బిడ్డ పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది గానీ లోపల గుండె వేగం పెరుగుతుందని పరిశోధకులు స్రూఫ్, వాటర్స్ 1977లో చూపించారు. అది చదివాక నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే ఆ టెన్షన్‌నే నేను ధైర్యం అన్నాను.

ఈ పరీక్షలో ఆడా మగా తేడా పెద్దగా కనిపించదు. కానీ పాప పడితే ఎత్తుకుని ఊరుకోబెడతాం, బాబు పడితే "మగాడివి, ఏడవకు" అంటాం, వాడు మోకాలు పట్టుకుని పెదవి బిగబట్టి నిలబడతాడు. అలా దాచుకోవడం అలవాటైన పిల్లాడికి తోటిపిల్లలతో గొడవైనప్పుడు బాధగా ఉందని చెప్పడం కష్టమవుతుంది.

ఏడాదికే అంతా తేలిపోతుందని ఆ పోస్టులోనే అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. చూసుకునే తీరు మారితే బంధమూ మారుతుంది, తర్వాతైనా.