వన్‌టౌన్‌కున్న ఒకే ఒక్క లోపం

ఏటా మే నెలలో మా ఇంటికి బంధువులు దిగుతారు. హైదరాబాద్ ఎండలకు తట్టుకోలేక విశాఖపట్నంలో చల్లబడదామని వస్తారు. (ఇక్కడి ఉక్కపోత సంగతి మొదటి రోజు మధ్యాహ్నానికి తెలుస్తుంది. అప్పటికి రిటర్న్ టికెట్ మార్చుకోవడం కుదరదు.) ఈసారి మా బావమరిది వచ్చాడు. చూడాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకుని తెచ్చాడు. కైలాసగిరి ఉంది, రుషికొండ ఉంది, బీచ్ రోడ్డు రెండుసార్లు ఉంది. వాడు బస చేసిన మా పాత ఊరు, వన్‌టౌన్ మాత్రం లేదు.

"హార్బర్ పక్కనే కదా బావా, డాబా ఎక్కితే ఓడలు కనిపిస్తాయా?" అన్నాడు.

కనిపించవు. మాకూ ఓడకూ మధ్య గోడ ఉంది, గోడకి గేటుంది, గేటు దగ్గర తుపాకీతో జవానున్నాడు. పైన క్రేన్ల తలలు మాత్రం కనిపిస్తాయి. మిగతాదంతా కూత విని ఊహించుకోవాలి. 1933లో జలదుర్గ అనే ఓడ ఈ రేవులోకి మొదటగా వచ్చింది. అప్పటి నుంచీ మా పేటల వాళ్ళకి ఓడలతో ఉన్నది వినికిడి పరిచయమే.

మమ్మల్ని చూడటానికి ఎవరూ ఎందుకు రారన్నది నేను చాలాకాలం ఆలోచించాను. చివరికి జవాబు బీచ్ రోడ్డు మీదే దొరికింది. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది. నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ చూడలేదు, చూడకూడదు కూడా. మరుసటేడాది ఇసుక మీదకి లాగి టికెట్ పెట్టారు. ఇక క్యూలే క్యూలు. నౌకాదళం వాడిన టీయూ-142 గస్తీ విమానానిదీ అదే కథ. 2017లో ఎగరడం మానేసింది, ఆ ఏడాదే రోడ్డుకి అవతలి పక్కన మ్యూజియమైపోయింది. అంటే ఈ ఊళ్ళో ఏదైనా దర్శనీయం కావాలంటే ముందు అది పని మానెయ్యాలి. మా వన్‌టౌన్‌కున్న లోపం అదొక్కటే. ఇంకా పనిచేస్తోంది.

లేకపోతే ఇక్కడ లేనిదేమిటి? హార్బర్ ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న. మూడింటి మీదా పోర్టు నల్లపొడి సమానంగా పడుతుంది, ఏ మతానికీ ఒక గ్రాము ఎక్కువ తక్కువ కాకుండా. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారుంది. గర్భగుడికి పైకప్పు లేదు. ఎవరైనా నేరుగా వెళ్ళి తమ చేత్తో పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. అపాయింట్‌మెంట్ లేకుండా జనం అర్జీలు తీసుకునే ఆఫీసు ఊళ్ళో నాకు తెలిసి ఇదొక్కటే.

నల్లపొడి గురించి అనవసరంగా గొడవ చేస్తారు గానీ, అందులోని చరిత్ర ఎవరికీ పట్టదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి ఈ హార్బర్ మీద బాంబులు వేసి పోయాయి. తర్వాత అదే జపాన్‌కి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం ఈ హార్బర్ నుంచే ఓడలెక్కింది. దానికోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గమే వేశారు. ఖనిజం, బొగ్గు ఇలా వస్తూ పోతూ కొంత మా డాబాల మీద ఆగుతుంది. ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి బూడిదరంగు తేలుతుంది. అంతర్జాతీయ వాణిజ్యంలో మా వాటా అది. పైసా అడక్కుండా ఇంటికి తెచ్చిస్తున్నారు.

అందుచేత అధికారులకు నాదొక సవినయ సూచన. చేపల రేవులో తెల్లవారుజామున జరిగే వేలంపాట వెంటనే రద్దు చెయ్యాలి. దాని బదులు రోజూ సాయంత్రం ఆరింటికి రంగుల లైట్లు పెట్టి, వేలంపాట ప్రదర్శన ఏర్పాటు చెయ్యాలి. చేపలు ప్లాస్టిక్‌వైతే మంచిది, రోజూ అవే వాడుకోవచ్చు. ఒక మరపడవని లాక్కెళ్ళి కురుసుర పక్కన నిలబెడితే దానికీ గౌరవం దక్కుతుంది.

ఈ సూచన గాల్లోంచి పుట్టింది కాదు. బావమరిదిని చేపల రేవుకి తీసుకెళ్ళాక పుట్టింది. వాడు తాజా వంజరం తినాలని ముచ్చటపడి వచ్చాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం. చేపలకీ బంధువులకీ వేసవి సెలవులు ఒకేసారి ఇస్తే ఇలాగే ఉంటుంది.

రేవులో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసున్నాయి. ఒకచోట ఇంజిన్ విప్పి పెట్టారు, ఒకచోట రంగు వేస్తున్నారు, నీడపట్టున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. రాబడి ఆగిపోయి నెల దాటింది. మా వాడు మురిసిపోయాడు. "ఎంత ప్రశాంతంగా ఉంది బావా! దీన్ని ఎవరికీ చెప్పరేం మీరు?" అంటూ నలభై ఫొటోలు తీశాడు. నా సిద్ధాంతానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కాసేపటికి గాలి మళ్ళింది. ముక్కుకి రుమాలు కట్టాడు. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ ఉంది. కొండంత ముక్కుండి కూడా అది ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఫిర్యాదు చెయ్యలేదు.

వెళ్ళే రోజు మాత్రం ఊరికి ఎండుచేపలు కావాలన్నాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పక్కవాళ్ళు ఇబ్బంది పడకుండా, వాసన రాని రకం చూడమన్నాడు. ఎప్పుడూ కొనే అమ్మ దగ్గరికే వెళ్ళి, మొహమాటపడుతూ అడిగాను. ఆవిడ నన్నోసారి, మా వాడి రుమాలునోసారి చూసింది.

"వాసన రానిదేటి బాబూ... ఉప్పొకటుంది. కట్టీమంటావా?"