ఉద్దానంలో ఉంటూ ఆ మెసేజ్ ఎలా పంపగలిగారు?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, ఊరి గ్రూపులో ఒకసారి, పాత కస్టమర్ ఒకాయన నుంచి ఒకసారి. చివరిసారి మా బావ పంపాడు, కింద "మీ అమ్మాయికి చూపించు" అని రాసి మరీ. మా అమ్మాయికి ఇంటర్ అయిపోయింది. డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటానంటోంది. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు.

"పర్యావరణ శాస్త్రం గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన ఏడు నిజాలు" అని ఆ మెసేజ్ మొదలవుతుంది. మనిషి వల్ల ప్రకృతికి ఏమీ కాదట, ప్రకృతి తనంతట తానే సర్దుకుంటుందట, ఈ చదువు పిల్లల్ని భయపెట్టడానికేనట. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడి జనం రక్తం తీసి రిపోర్టులు ఇస్తున్నాను. శాస్త్రవేత్తను కాకపోయినా, ఆ ఏడింటిలో ఒక్కటి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అది ఐదోది. దాన్ని చివరికి ఉంచుతాను, ఎందుకంటే దాని గురించే ఎక్కువ చెప్పాలి.

మొదటిది అగ్నిపర్వతం. ఒక్కటి పేలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వందేళ్లలో వదిలినదానికంటే ఎక్కువట. భూమి మీదున్న అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలేది 50 కోట్ల టన్నుల లోపే. మనం బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చి, సిమెంటు చేసి ఏడాదికి వదిలేది 3,500 కోట్ల టన్నుల పైమాటే. 1958లో కీలింగ్ అనే శాస్త్రవేత్త గాలిలో ఈ వాయువును కొలవడం మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? హవాయిలో మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీదే. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతం మీద ఉండి కొలిచినవాళ్లు దాని పొగను లెక్కలోంచి తీసేయడం మరిచిపోయారంటే నేను నమ్మను.

రెండోది ఓజోన్. "మా చిన్నప్పుడు ఓజోన్‌కు కన్నం పడిందని భయపెట్టారు, ఇప్పుడు ఎవరూ ఆ ఊసెత్తడం లేదు, అంటే అంతా అబద్ధమే" అని రాశారు. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే వాయువులు ఓజోన్‌ను తినేస్తాయని మోలినా, రోలాండ్ 1974లోనే చెప్పారు. 1985లో అంటార్కిటికా పైన ఆ నష్టం బయటపడింది. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని ఆ వాయువులు మానేశాయి కాబట్టి ఇప్పుడు పొర మెల్లగా కోలుకుంటోంది. మందు వేసుకుంటే తగ్గిన జ్వరాన్ని పట్టుకుని అసలు జ్వరమే రాలేదంటే ఎలా?

మూడోదాని దగ్గర నేను కాసేపు ఆగాను. "తేలినీలాపురానికి సైబీరియా నుంచి పక్షులు ఏటా వస్తూనే ఉన్నాయి, ప్రకృతికి ఏదైనా అయితే వస్తాయా?" ఈ సైబీరియా మాట నేనూ నమ్మాను. మా అమ్మాయిని చిన్నప్పుడు టెక్కలి మీదుగా అక్కడికి తీసుకెళ్లి, అవి మంచుదేశం నుంచి ఎగిరొచ్చాయని నేనే చెప్పాను. పేపర్లలో చదివిందే చెప్పాను. అది తప్పని పోయినేడాది తనే నాకు చెప్పింది. అక్కడ గూళ్లు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశం పక్షులే. చలికాలానికి సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఇక్కడ తిని వెళ్లిపోతాయి గానీ గూడు కట్టి పిల్లల్ని పెంచవు. ఇవేమో చింతచెట్ల మీద గుడ్లు పెట్టి, పిల్లలకు ఎగరడం వచ్చాకే వెళతాయి. అంటే తేలినీలాపురం వాటికి పుట్టిల్లు. నౌపడ వైపు తంపరలనే చిత్తడి నేలల్లో, ఉప్పునీటి మడుగుల్లో దొరికే చేపలే వాటి పిల్లల తిండి. ఆ మడుగులు పూడిపోతే పోవడానికి వాటికి వేరే దేశం లేదు. పక్షులు వస్తున్నాయి కాబట్టి అంతా బాగుందనడం కంటే, అవి వస్తూ ఉండాలంటే ఆ మడుగుల్ని కాపాడుకోవాలనడం న్యాయం కదా.

నాలుగోది తాబేళ్ల గురించి. కోట్ల ఏళ్లుగా బతికినవాటికి మన కాపలా ఎందుకని అడిగారు. ఆ కోట్ల ఏళ్లలో ట్రాలర్లు లేవు. తాబేలు గాలి పీల్చుకోవడానికి నీళ్ల పైకి రావాలి, వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో బారువ సముద్రపు ఒడ్డున చచ్చిపడిన తాబేళ్లను చూసినవాళ్లెవరికీ ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆరోది: "పర్యావరణం పేరు చెప్పి అభివృద్ధిని ఆపేస్తున్నారు." ఈ మాట సోంపేటవాళ్లకు పంపడానికి చెయ్యెలా వచ్చిందో! మా బీల అనే చిత్తడి నేలను కాగితాల మీద పనికిరాని భూమి అని రాసి థర్మల్ ప్లాంటుకు ఇచ్చారు. దాని నీళ్లతోనే పొలాలు పండుతున్నాయని, చేపలు పడుతున్నారని, పశువులు మేస్తున్నాయని ఆ కాగితాల్లో లేదు. 2010 జులైలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. అది చిత్తడి నేల అని మా ఊళ్ల రైతులకు ముందునుంచీ తెలుసు, కానీ ఆఫీసులో చెల్లాలంటే ఆ సంగతి శాస్త్రం భాషలో రాసేవాళ్లు కావాలి. ఆ చదువు చదివినవాళ్లు మా ఊళ్లలోనే పదిమంది ఉండి ఉంటే ముందు ఆ కాగితాలే అలా ఉండేవి కావని నేను అనుకుంటాను.

ఏడోది రెండు ముక్కలుగా ఉంది. ఈ సబ్జెక్టును విదేశీయులు మన మీద రుద్దారన్నది మొదటి ముక్క. అది తప్పు. ఎం.సి. మెహతా అనే మన లాయరు వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టే దీన్ని చదువుల్లో పెట్టమంది. సరిగా అమలు చేయకపోతే 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఆ తర్వాతే డిగ్రీలో అందరికీ తప్పనిసరి అయింది.

రెండో ముక్క, "ఇది చదివి బాగుపడినవాణ్ని ఒక్కణ్ని చూపించండి, పరీక్షకు ముందురోజు గైడు చదివితే పాసయ్యే సబ్జెక్టు ఇది" అన్నది. దీన్ని నేను కాదనలేను. నా డిగ్రీలో నేనూ అలాగే పాసయ్యాను. మా అమ్మాయి స్కూల్లో పర్యావరణం ప్రాజెక్టంటే బజార్లో చార్టు కొని, భూగోళానికి రెండు చేతులు అతికించడమే. కిలోమీటరు దూరంలో గెడ్డ ఉంది. ఒక్క మాస్టారూ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి నీళ్లు సీసాలో పట్టించలేదు. ఉద్యోగాలు కూడా తక్కువే, ఆ టెన్షన్ నాకూ ఉంది. మెసేజ్ మొత్తంలో నిజం అనదగ్గది ఇదొక్కటే. అయితే సరిగా చెప్పని చదువును సరిగా చెప్పమని అడగాలి గానీ పిల్లల్ని చదవద్దంటామా?

ఇక ఐదోది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇన్నేళ్లయినా సైంటిస్టులు చెప్పలేకపోయారు. కారణం చెప్పలేని శాస్త్రం మనకెందుకు? మాత్రలు, డయాలసిస్ మానేసి ఈ ఆకుల కషాయం నలభై రోజులు తాగండి, క్రియాటినిన్ దానంతటదే దిగిపోతుంది." క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో పెరుగుతుంది. మెసేజ్ కింద ఆకుల పేర్లున్నాయి. వాటిని నేను ఇక్కడ రాయను.

మొదటి వాక్యం నిజమే. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే చాకిరీ అన్నారు. అన్నింటి మీదా పరీక్షలు జరుగుతున్నాయి. ఇలాంటి జబ్బే శ్రీలంకలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కొట్టేవాళ్లకు వస్తోంది. అక్కడ చెరకు తోటల్లో పనివాళ్లకు నీళ్లు, విశ్రాంతి, నీడ ఇచ్చి చూస్తే కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. మన దగ్గర కూడా కారణం అదేనని నేను అనను. కానీ మే నెల ఎండలో జీడిపిక్కలు ఏరేవాళ్లను రోజూ చూస్తున్నవాళ్లం, ఆ సంగతి తెలుసుకోవడం మనకు అనవసరమా?

తెలియడానికి ఎంతకాలం పడుతుందో చెప్పే కథ ఒకటుంది. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్క ఊళ్లలో, బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా వైపు, మనలాగే ఎంతోమందికి కిడ్నీలు పోయేవి. 1950లలోనే డాక్టర్లు గుర్తించారు. నీళ్లన్నారు, లోహాలన్నారు, బూజన్నారు. కారణం తేలేసరికి యాభై ఏళ్లు పట్టింది. గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు మొక్క గింజలు పంటతో కలిసి, పిండిలో పడి, రొట్టెల్లోకి వెళ్లాయి. ఆ గింజల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను తినేసింది. ఆ గుట్టు విప్పడానికి దారి చూపింది మరో ఘోరం. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి మూలికలు వాడిన ఆడవాళ్లలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ మూలికల్లోనూ అదే విషం ఉంది.

ఆ మొక్క జాతి మన దగ్గర లేదనుకుంటున్నారా? మన చేలగట్ల మీద పెరిగే గాడిదగడపాకు ఆ జాతిదే. ఆకుల కషాయం తాగమని ఆ మెసేజ్ రాసినాయనకు ఇది తెలుసా? తెలియకుండా రాశాడా? కిడ్నీ రోగులకు ఆకుల కషాయం చెప్పేముందు ఆ ఆకు కిడ్నీలను ఏం చేస్తుందో ఎవరిని అడిగాడు? డయాలసిస్ గది బయట ఒక్క పూటైనా కూర్చున్నాడా? వారానికి రెండుసార్లో మూడుసార్లో, ఒక్కోసారి నాలుగేసి గంటలు సూదులతో పడుకునే మనిషికి ఫోన్‌లో "మానెయ్" అని పంపడానికి ఎంత సేపు పట్టింది?

మా ల్యాబ్‌కి కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన మూడు నెలలకోసారి వచ్చేవాడు. రాగానే "ఏటి బాబూ, క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడిగేవాడు. రెండేళ్లపాటు రెండూ రెండున్నర మధ్యే ఉంది. పోయిన వేసవిలో రాలేదు. దసరా దాటాక కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు, కాళ్లు వాచి ఉన్నాయి. ఎనిమిది దాటింది. ఎవరో చెప్పారని మాత్రలన్నీ ఆపేసి కషాయం తాగాడట. కషాయమే ఆ పని చేసిందని నేను చెప్పలేను, ఆ ఆకులేవో నాకు తెలియదు, జబ్బు తనంతట తానూ ముదరొచ్చు. బీపీ మాత్రలు ఆపడం వల్ల నష్టం జరిగి ఉంటుందని మాత్రం డాక్టరుగారు చెప్పారు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఆ అంకె ఆయనకు అర్థమైంది. ఉద్దానంలో ఆ అంకె అర్థంకానివాళ్లు ఎవరున్నారు?

కారణం తెలియదంటూ ఆ మెసేజ్ శాస్త్రం మొత్తాన్నీ తీసిపారేసింది. ఈలోగా జరిగింది చూడండి. సందేహం నీళ్ల మీద ఉంది కాబట్టి హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మట్టిని, నీటిని, తిండిని, ఎండను మనిషి ఒంటితో కలిపి చూడాలన్న ఆలోచన ఎక్కడిది? మీరు దండగంటున్న ఆ సబ్జెక్టుదే. మా అమ్మాయి ఆ చదువు చదువుతానంటే భయమేసినా కాదనకపోవడానికి కారణం ఇదే. మన ఊరి ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లలో మన ఊరివాళ్లు కూడా ఉండాలి కదా.

బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నేను మొత్తం చదవలేదురా, పైన రెండు చూసి పంపేశాను" అన్నాడు. ఎంతమందికి పంపావని అడిగితే మూడు గ్రూపులన్నాడు. అందులో ఒకటి వాళ్ల వీధి గ్రూపు. ఆ వీధిలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఇద్దరున్నారు.

పంపినవాళ్లందరినీ నేను అడిగేది ఇదే. అగ్నిపర్వతం సంగతి ఉంచుకోండి, పక్షుల సంగతి ఉంచుకోండి, వాటి మీద తీరిగ్గా వాదించుకుందాం. మీరు పంపిన గ్రూపుల్లో కిడ్నీ మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరున్నారో మీకు తెలుసు. ఈ సాయంత్రమే వాళ్లకు ఫోన్ చేసి మాత్రలు మానలేదు కదా అని అడగండి. మానేసి ఉంటే రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ముందు పరీక్ష కావాలంటే మా ల్యాబ్ ఆరింటికి తెరుస్తాను, డబ్బులు తీసుకోను.